ఇసుక పింజర విషము – జీవకణముల పట్టు

పాలమూరు, నల్లగొండ జిల్లాల ఎర్ర చెలకలలో పనిచేసిన వారికి ఇసుక పింజర క్రొత్త కాదు. చిన్న పింజర యనియు దీనిని పిలుతురు. సాధారణముగా మూరెడుకు మించని పొడవు, మట్టి రంగు ఒడలు, తలపై బాణపు మొన వంటి తెల్లని గుర్తు. పగలు గుట్ట అంచున రాతి క్రిందనో, పొలము గట్టున పేర్చిన రాళ్ల సందుననో ముడుచుకొని యుండును. ఎవరైన దగ్గరకు వచ్చినచో ఒడలిని చుట్టలుగా మలచి, పొలుసులను ఒకదానితో నొకటి రాచి, ఱంపముతో కట్టె కోసినట్టి చప్పుడు చేయును. నాగుపామునకు ఉన్న పూజ, ప్రతిష్ఠ దీనికి లేవు. ఇంత చిన్న పాము ఏమి చేయగలదని ఉపేక్షించు వారును కలరు. ఆ ఉపేక్ష ప్రాణాంతకము కావచ్చును.

ఈ పాము కరచిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు వైద్యుడు చేయు మొదటి పరీక్షకు యంత్రమేదియు అక్కరలేదు. శుభ్రమైన, పొడిగా నున్న క్రొత్త గాజు గొట్టములో రెండు మిల్లీలీటర్ల రక్తము తీసి, కదల్పక 20 నిమిషములు ఉంచి, ఆపై గొట్టమును ప్రక్కకు వంచి చూచును. మన ఇండ్లలో పెరుగు తోడుకొన్నదా లేదా యని గిన్నె వంచి చూచుట వంటిదే ఇది. ఆరోగ్యవంతుని రక్తము ఆ పాటికి గడ్డకట్టి కదలక నిలుచును. విషమెక్కిన వాని రక్తము నీటివలె జారును. అట్లు జారినచో, చిగుళ్ల నుండి నెత్తురు కారుట ఇంకను మొదలు కాకున్నను, విరుగుడు మందు ఎక్కించవలసినదే.

ఆ తోడుకోని రక్తమును గురించి కొంత చెప్పదలచితిమి. రక్తము ఏల గడ్డకట్టలేదను ప్రశ్నను వెంబడించి పోయినచో, దానికంటె పెద్ద ప్రశ్న యొకటి ఎదురగును: మన శరీరములోని జీవకణములు ఒకదానినొకటి దేనితో పట్టుకొని యున్నవి?

ముందు రక్తము మాట. గాయమైన చోటికి మొట్టమొదట చేరుకొనునవి రక్తఫలకికలు. డెంగీ జ్వరము వచ్చిన ఇంట ‘ప్లేట్‌లెట్లు ఎన్ని?’ యని అడుగుట ఇప్పుడు మామూలైనది గదా, అవే యివి. ఒక్కొక్క ఫలకిక ఉపరితలమున ఒకే రకమునకు చెందిన పట్టు అణువులు సుమారు 80,000 ఉండును. మామూలు వేళల అవి ముడుచుకొని, దేనిని పట్టుకొనక యుండును. రక్తనాళము తెగిన జాడ తెలిసిన క్షణమున అవి విచ్చుకొని, రక్తములో తేలుచున్న ఫైబ్రినోజెన్ అను పొడవైన అణువును అందుకొనును. ఆ అణువు రెండు కొనలను రెండు ఫలకికలు పట్టుకొనును. వానిని మరి రెండు. ఇట్లు ఫలకికల గుంపు తెగిన చోట కట్టవలె నిలుచును. పిదప ఆ ఫైబ్రినోజెనే దారములుగా మారి, గుంపును వలవలె బిగించును. మనము గడ్డ యనునది ఇదియే.

ఇసుక పింజర విషము ఈ పనిని ఒక దారిని కాదు, పలు దారుల చెరచును. అందులో ఎకారిన్ అను పదార్థము రక్తమును నాళముల లోపలనే, అక్కరలేని చోట, కొద్ది కొద్దిగా గడ్డకట్టించి ఫైబ్రినోజెన్ నిలువ నంతయు ఖర్చు చేయించును. ఖజానా ఖాళీ యైన తరువాత గాజు గొట్టములోని రక్తము తోడుకొనుటకు ఏమియు మిగులదు. వేరు కొన్ని పదార్థములు రక్తనాళపు గోడలోని కణములు నిలుచుటకు ఆధారమైన పొరను కోసివేయును. ఇక మూడవది ఎకిస్టాటిన్. 49 అమైనో ఆమ్లములు మాత్రమే గల ఈ చిన్న అణువును 1988లో శాస్త్రజ్ఞులు వేరుపరచి వర్ణించిరి. ఇది పోయి ఫలకికల పట్టు అణువుల గుప్పిటలో సరిగ్గా ఇమిడి కూర్చుండును. ఇక ఫైబ్రినోజెన్‌కు చోటుండదు. కరవబడిన వాని రక్తము గడ్డకట్టకపోవుటకు ముఖ్యకారణము మొదటిదే. ఎకిస్టాటిన్ పాత్ర చిన్నది. అయినను శాస్త్రజ్ఞుల కన్ను మూడవదానిపై నిలిచెను, ఏలయనగా అది కణముల పట్టునే సూటిగా విడిపించుచున్నది.

శరీరమున కోటానుకోట్ల కణములు ఇసుక కుప్పవలె జారిపోక ఒక ఆకృతిగా నిలిచి యుండుట వింత యని మనకు తోచదు, నిత్యము చూచుచున్నాము గనుక. 1907లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెచ్. వి. విల్సన్ సముద్రపు స్పంజికను సన్నని వస్త్రములో పిండి, కణములను విడివిడిగా నీటిలో రాల్చెను. అవి నీటి అడుగున ప్రాకి, ఒకదానినొకటి వెదకికొని, మరల గుంపులై క్రొత్త స్పంజికలుగా పెరిగెను. కణముల మీద ఏదియో పట్టు ఉన్నదని అంతటితో తెలిసినది. కాని ఆ పట్టు ఏ అణువుది? కణము పైపొరపై వేలకొలది రకముల అణువులుండగా వానిలో కణమును కణముతో కలుపునది ఏది యని వ్రేలు పెట్టి చూపుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము అరువది యేండ్లకు పైగా దొరకలేదు.

శాస్త్రపరిభాషలో వీనిని ‘ఆసంజన అణువులు’ అందురు. రేడియో పెట్టె ముందు కూర్చుండి వినువారికి ఆ మాట కొంత బరువు కావచ్చును గనుక మేము ‘పట్టు అణువులు’ అనుచున్నాము. చీరల పట్టు కాదు, చేతి పట్టు.

వ్రేలు పెట్టి చూపుటకు దొరికిన సాధనము ప్రతిరక్షకము. ఈ సాధనము పనిచేయు తీరు గ్రహించుటకు దూరము పోనక్కరలేదు. కొత్తూరు మండలము తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ అను సంస్థ పాము విషమునకు విరుగుడు తయారుచేయుచున్నది. ఈ మండలము 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఆ యేటి పునర్విభజనలో రంగారెడ్డి జిల్లాలో చేరినది. మన దేశమున ఇట్టి మందు తయారుచేయు పద్ధతి ఇది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషములను, ప్రాణహాని కలుగని కొద్దిపాటి మోతాదుతో మొదలుపెట్టి క్రమముగా పెంచుచు, గుఱ్ఱములకు ఇత్తురు. ఆ విషములో పెద్ద భాగము తమిళనాట మహాబలిపురము సమీపమున ఇరుల తెగవారు 1978లో స్థాపించుకొన్న పాములు పట్టువారి సహకార సంఘము నుండి వచ్చును. వారములు గడచిన కొలది గుఱ్ఱపు రక్తములో విషమును పట్టుకొను ప్రతిరక్షకములు పెరుగును. అప్పుడు కొంత రక్తము తీసి, పై తేట నుంచుకొని, ఎర్ర కణములను మరల గుఱ్ఱమునకే ఎక్కింతురు. తేటను శుద్ధిచేసి, పొడిగా మార్చి సీసాలకెత్తుదురు. అట్లు తయారైన మందు ఒక మిల్లీలీటరు, 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషమును, అంతే రక్తపింజర విషమును, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషమును, అంతే ఇసుక పింజర విషమును హరించవలెనని మన దేశపు ప్రమాణము.

ప్రతిరక్షకమునకు ఉన్న గుణమెల్ల ఒక్కటే: తాను దేనికొరకు పుట్టినదో దానినే పట్టుకొనును. పంతొమ్మిదవ శతాబ్ది చివర ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ నాగుపాము విషముతో సీరము చేసి, అది అన్ని పాములకు పనిచేయునని భావించెను. ఆస్ట్రేలియాలో మార్టిన్, మన బొంబాయి ప్రయోగశాలలో జార్జి లాంబ్ ఆ భావన తప్పని చూపిరి. ఒక పాము సీరము మరియొక పామునకు చాలదు. వైద్యమునకు ఇది చిక్కు; పరిశోధనకు ఇదియే వరము. ఏలయనగా ఒక్క అణువునే పట్టుకొను చేయి దొరికినచో, ఆ చేతికి రంగు పూసి అణువు ఎచ్చట నున్నదో చూడవచ్చును. ఆ చేతితో అణువును మూసివేసి, అప్పుడు కణము ఏ పని చేయలేకపోవునో చూడవచ్చును.

ఐతే గుఱ్ఱపు తేటలో ఒక్క రకము ప్రతిరక్షకము కాదు, వందలాది రకములు కలసి యుండును. విషము విరుచుటకు ఆ కలగలుపే మేలు. ప్రయోగశాలకు అది పనికిరాదు. 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ అను ఇరువురు ఈ చిక్కు విడదీసిరి. ప్రతిరక్షకము తయారుచేయు ఎలుక కణము కొద్ది దినములే బ్రతుకును. కాన్సరు కణము చావెరుగక పెరుగును. ఈ రెండింటిని ఒక్కటిగా కలిపినప్పుడు, ఒకే ప్రతిరక్షకమును ఎల్లకాలము తయారుచేయు సంకర కణము పుట్టెను. దాని సంతతి యంతయు అచ్చుపోసినట్లు ఒకే చేతిని ఇచ్చును. 1984లో వీరికి నోబెల్ బహుమతి లభించెను.

ఇంతకుముందే మరియొక చిక్కు కొందరికి ఎదురైనది. ప్రతిరక్షకమునకు చేతులు రెండు. ఒక చేత ఒక కణమును, రెండవ చేత ప్రక్క కణమును పట్టుకొన్నచో, పట్టు విడిపించుటకు తెచ్చినదే పట్టు పెంచును! పెండ్లిలో తగవు తీర్చుటకు వచ్చిన పెద్దమనిషి తానే తగవైనట్లు. 1959లో ఇంగ్లండులో రోడ్నీ పోర్టర్ బొప్పాయి పాలలోని పపైన్ అను పదార్థముతో ప్రతిరక్షకమును ముక్కలు చేసి, ఒంటిచేతి ముక్కలను వేరు చేసియుండెను. పచ్చి బొప్పాయి ముక్క వేసి మాంసము మెత్తగా ఉడికించు మన వంటవారికి ఆ పాల బలము తెలియనిది కాదు. జర్మనీలో గుంథర్ గెరిష్ బృందము 1970లో ఈ ఒంటిచేతి ముక్కలనే ఎన్నుకొనెను. మట్టిలో ఏకాకులుగా తిరుగుచు, తిండి కరవైనప్పుడు గుంపుగూడు ఒక అమీబా జాతిపై వానిని ప్రయోగించగా, అమీబాలు గుంపుగూడుట మానెను. చంపలేదు, రోగము పెట్టలేదు. చేయి పట్టుకొననీయలేదు, అంతే.

దీనినుండి పుట్టిన ఉపాయము మాకు మిక్కిలి ముచ్చటగా తోచును. మొదట కణము పైపొర నంతటిని జంతువునకు ఎక్కించి, దానిపై నున్న అన్ని అణువులకు కలగలుపు ప్రతిరక్షకములు పుట్టింతురు. వానిని ఒంటిచేతి ముక్కలు చేసి కణములపై చల్లినచో పట్టు విడిపోవును. తరువాత కణము పైపొరలోని అణువులను ఒక్కొక్క పాలుగా వేరుచేసి, ఆ ముక్కలతో ముందుగా కలుపుదురు. ఏ పాలు కలిపినప్పుడు ముక్కల బలమంతయు ఆ పాలే పీల్చుకొని, కణములు మరల కలసికొనునో, వెదకుచున్న అణువు ఆ పాలులో నున్నదన్న మాట. ముఖము చూడని దొంగను తాళపుచెవి సరిపోయిన ఇంటిని బట్టి పట్టుకొనుట వంటిది.

ఈ దారిని న్యూయార్కులో జెరాల్డ్ ఎడెల్మన్ బృందము 1977 ప్రాంతమున కోడిపిండపు నాడీకణముల పట్టు అణువును కనుగొనెను. ప్రతిరక్షకపు నిర్మాణమును వివరించినందులకు పోర్టర్‌తో కలసి 1972లో నోబెల్ పొందిన ఎడెల్మన్ ఈయనయే. పారిస్‌లో రోల్ఫ్ కెమ్లర్, ఫ్రాంస్వా జాకబ్ మొదలగువారు అదే యేట ఎలుకపిండముపై ఒంటిచేతి ముక్కలు వేసి చూచిరి. ఎనిమిది కణముల దశలో మల్బరీ పండువలె ఒదుగవలసిన పిండము ఒదుగక, గోలీల గుంపువలె విడివిడిగా నిలిచెను. ముక్కలను కడిగివేయగా మరల ఒదిగెను. జపానులో మసతోషి తకైచి, కాల్షియం ఉన్నప్పుడే పనిచేయు పట్టు అణువును ప్రతిరక్షకము ద్వారా గుర్తించి 1984లో దానికి కాడ్‌హెరిన్ అని పేరిడెను. మన చర్మము, పేగుల లోపొర విడిపోక నిలుచుట ఆ కుటుంబపు అణువుల చలువయే.

ఇక మన ఫలకికల వద్దకు మరలి వత్తము. వాని పట్టు అణువు ఇంటెగ్రిన్ అను మరియొక కుటుంబమునకు చెందినది. 1986లో పేరు పొందిన ఈ కుటుంబమున మనుష్యులలో 24 రకములున్నవి. న్యూయార్కు రాష్ట్రమున బారీ కాలర్ అను వైద్యుడు 1980ల మొదట, ఫలకికలు ఫైబ్రినోజెన్‌ను అందుకొనకుండ అడ్డుకొను ఎలుక ప్రతిరక్షకములను వెదకి పట్టెను. ఇసుక పింజర లక్షల యేండ్లుగా చేయుచున్న పనియే ఇది. రెండును ఒకే గుప్పిటను మూయుచున్నవి. కాలర్ కనుగొన్న ప్రతిరక్షకములలో ఒకదానికి ఎలుక భాగము కొంత తీసి మనుష్య భాగము అతికి, పపైన్‌తోనే ఒంటిచేతి ముక్క చేసి, గుండె రక్తనాళములు తెరచు చికిత్సలో గడ్డలు కట్టకుండ వాడుటకు 1994లో అమెరికా అనుమతించెను. అబ్సిక్సిమాబ్ అను ఆ మందు తరువాతి కాలమున వాడుక నుండి తొలగినది. ఎకిస్టాటిన్ ఆకృతిని చూచి రూపొందించిన టైరోఫిబాన్ 1998లో వచ్చినది.

ప్రతిరక్షకము నిజముగా తాను చెప్పుకొన్న అణువునే పట్టుకొనుచున్నదని కాలర్‌కు ఎట్లు తెలిసెను? ఈ ప్రశ్న చిన్నది కాదు. ప్రయోగశాలలకు అమ్ముడుపోవు ప్రతిరక్షకములలో కొన్ని చీటీపై వ్రాసిన అణువును గాక దాని పోలికగల వేరొకదానిని పట్టుకొనును. కొన్ని ఉడికించి విప్పిన అణువును గుర్తించును గాని, బ్రతికిన కణముపై మడత విప్పని అణువును గుర్తించవు. మరికొన్ని పట్టు అణువు ప్రక్కనున్న వేరొక అణువుపై కూర్చుండి, తమ ఒడలి అడ్డముతోనే పట్టు చెరచును. చూచువాడు పట్టు అణువు దొరికినదని సంబరపడును. కుందేలు సీరమైనచో ఆ కుందేలు చనిపోయిన నాడు అచ్చముగా అదే సీరము మరల దొరకదు. ఇట్టి చేతులను నమ్మి సంవత్సరములు, ధనము పోగొట్టుకొన్న పరిశోధకులు లోకమున చాలమంది. కావున తెలిసినవారు ప్రతి ప్రయోగములో ఆ అణువుతో సంబంధము లేని మరియొక ప్రతిరక్షకమును ప్రక్కన పెట్టి చూతురు. అణువు అసలే లేని కణముపై వేసి చూతురు. అచ్చట కూడ అంటుకొన్నచో అది అబద్ధసాక్షి.

కాలర్‌కు అట్టి కణములు ప్రకృతియే ఇచ్చెను. 1918లో స్విట్జర్లాండు పిల్లల వైద్యుడు ఎడ్వర్డ్ గ్లాంజ్‌మన్ వర్ణించిన పుట్టుక వ్యాధి యొకటి కలదు. ఫలకికల లెక్క సరిగానే యుండును. గాని వానిపై ఆ పట్టు అణువు ఉండదు, లేదా ఉన్నను పనిచేయదు. బిడ్డకు తరచు ముక్కునుండి నెత్తురు కారును, పాలపన్ను ఊడినప్పుడు రక్తము ఆగదు, ఆడపిల్ల పుష్పవతియైనప్పుడు ప్రమాదమగును. ఇట్టివారి ఫలకికలకు కాలర్ ప్రతిరక్షకము అంటుకొనలేదు. దానితో ఆ చేయి నిజాయితీ గలదని తేలెను.

ఈ వ్యాధి మాట ఇచ్చట ఎత్తుటకు మరియొక కారణము కలదు. తల్లిదండ్రులు ఇద్దరి నుండియు లోపము సంక్రమించినప్పుడే బిడ్డకు వ్యాధి కలుగును. మేనమామనో మేనత్త కొడుకునో పెండ్లాడు ఆచారము మన తెలుగునాట, దక్షిణ దేశమంతట నున్నది గనుక, లోకమున అరుదైన ఈ వ్యాధి మన వైద్యులకు అంత అరుదు కాదు. డెంగీ వలె లెక్క తగ్గదు గనుక మామూలు రక్తపరీక్షలో ఇది బయటపడదు. ‘లెక్క బాగున్నది, పిల్లకు ఏమియు లేదు’ అని ఇంటికి పంపబడిన పిల్లలు లేకపోలేదు. నేడు పెద్ద ఆసుపత్రులలో కొద్దిపాటి రక్తము తీసి, పట్టు అణువు రెండు పేటలకు వేరువేరుగా సరిపోవు, వెలుగు పూసిన రెండు ప్రతిరక్షకములను కలిపి, యంత్రము ముందు ఒక్కొక్క ఫలకికను ప్రవహింపజేయుదురు. వెలుగు కనబడనిచో అణువు లేదన్న మాట. వెలుగు సగమే యున్నచో ఆ మనిషి లోపమును మోయువాడు కావచ్చును, రోగి కాడు. అణువు ఉండియు పనిచేయని రకమును పట్టుటకు మాత్రము ఫలకికలు గుంపుగూడుట చూచు వేరు పరీక్ష కావలెను. మేనరికము ఖాయము చేసికొను ముందు, వంశమున ఎవరికైన నెత్తురు ఆగని జబ్బు ఉండినదా యని పెద్దలు అడిగి తెలిసికొనుటలో నష్టము లేదు.

పాముకాటు మాటకు వచ్చినచో, దేశమున 2000 నుండి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశీలన అంచనా వేసినది. ఎక్కువ మరణములు గల ప్రాంతములలో తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇసుక పింజర కరచిన చోట గట్టిగా కట్టు బిగించుట, కత్తితో గాటు పెట్టుట కూడవు. గడ్డకట్టని రక్తమునకు ఆ గాటే మరియొక ద్వారమగును. కరచిన కాలును కదల్పక, నడిపింపక, మంత్రమునకు పసరునకు కాలము వ్యయపరచక ఆసుపత్రికి చేర్చవలెను.

అచ్చట గుఱ్ఱపు ప్రతిరక్షకములు నరములోనికి ఎక్కిన తరువాత రక్తములో తిరుగుచున్న విషమును పట్టుకొనును. కాని అవి క్రొత్త ఫైబ్రినోజెన్‌ను ఇయ్యలేవు. దానిని కాలేయమే తయారుచేసికొనవలెను, అందులకు కొన్ని గంటలు పట్టును. అందుచేతనే వైద్యుడు ఆరు గంటలు ఆగి, మరల రెండు మిల్లీలీటర్లు తీసి, గాజు గొట్టమును 20 నిమిషములు కదల్పక ఉంచి, వంచి చూచును. ఇంకను జారుచున్నచో మరియొక మోతాదు మందు, మరి ఆరు గంటలు.